ల్యాబ్ ఇమేజ్‌లో డిఫాల్ట్ ఫైల్‌సిస్టమ్: ఈఎక్స్‌టీ4 ఉంచాలా, బీటీఆర్ఎఫ్ఎస్‌కి మారాలా?

మీ ప్రశ్న: హైదరాబాద్ కాలేజీ ల్యాబుల కోసం వాలంటీర్లు డెబియన్ (ఒక లినక్స్ రకం) మీద ఇమేజ్ (అన్ని సిస్టమ్‌లలో ఒకేలా ఎక్కించే సెటప్) కడుతున్నారు. 256 జీబీ ఎస్ఎస్‌డీలు, చాలా గదుల్లో యూపీఎస్ లేదు. ఫెడోరా (మరో లినక్స్ రకం) బీటీఆర్ఎఫ్ఎస్‌కి మారింది కదా, మనమూ ఈఎక్స్‌టీ4 వదిలేద్దామా అన్నారు. ఈ రెండూ ఫైల్‌సిస్టమ్‌లు, అంటే డిస్క్‌లో ఫైళ్లను సర్దే పద్ధతులు.

నా మాట: ఈఎక్స్‌టీ4నే ఉంచండి. డిఫాల్ట్ ఇన్‌స్టాలర్‌లో నెక్స్ట్, నెక్స్ట్ నొక్కేసేవాళ్ల కోసం; తెలిసినవాళ్లు ఎలాగూ మార్చుకుంటారు. సిస్టమ్ లేవని రోజు ల్యాబ్ అసిస్టెంట్ ఒక్కరే ఉంటే దేన్ని లేపగలరో దాన్నే పెట్టాలి.

ఫెడోరా సంగతి సగమే చెప్పుకుంటున్నాం. 2020లో ఫెడోరా 33 డెస్క్‌టాప్‌లకే బీటీఆర్ఎఫ్ఎస్ పెట్టింది, సర్వర్‌కి ఎక్స్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమే. కంపెనీలు వాడే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో అయితే బీటీఆర్ఎఫ్ఎస్‌ని తీసేశారు. వాడేవాళ్లు వేరు, డిఫాల్టూ వేరు. ఎక్స్ఎఫ్ఎస్ మీకు పనికిరాదు: పార్టిషన్ పెంచగలం గానీ తగ్గించడం ఆచరణలో కుదరదు, విండోస్ పక్కన పెట్టే సిస్టమ్‌లలో అదే తలనొప్పి.

కరెంటు పోతే ఈఎక్స్‌టీ4 తన జర్నల్‌ని (మార్పుల చిట్టాని) చదువుకుని కొన్ని సెకన్లలో లేస్తుంది. డిస్క్ మీదకి ఇంకా వెళ్లని రాతలు పోవచ్చు, సాధారణంగా అంతే. బీటీఆర్ఎఫ్ఎస్ కూడా తట్టుకునేదే, కానీ ఎస్ఎస్‌డీ నిజాయితీగా ఉంటేనే. రాయకుండానే రాసేశానని చెప్పే చవక డ్రైవ్ అయితే 'పేరెంట్ ట్రాన్స్ఐడీ వెరిఫై ఫెయిల్డ్' అనే ఎర్రర్ వచ్చి మౌంట్ కాకుండా (డిస్క్ తెరుచుకోకుండా) కూర్చుంటుంది. అప్పుడు అలవాటుకొద్దీ చెక్ కమాండ్‌కి రిపేర్ తగిలించి కొడితే ఉన్నదీ పోవచ్చు. ముందు రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి చూడాలి, కుదరకపోతే బీటీఆర్ఎఫ్ఎస్ రిస్టోర్ కమాండ్‌తో ఫైళ్లు బయటికి లాగాలి. ఇది కొత్తవాళ్ల పని కాదు.

రెండో చిక్కు స్థలం. బీటీఆర్ఎఫ్ఎస్ డేటాకి సాధారణంగా 1 జీబీ ముక్కలుగా కేటాయిస్తుంది. డిస్క్ అంతా ముక్కలుగా పంచేశాక మెటాడేటాకి (ఫైళ్ల వివరాలకి) కొత్త ముక్క దొరక్క, డీఎఫ్ కమాండ్‌లో ఖాళీ కనిపిస్తున్నా స్థలం లేదంటుంది. ముక్కల్ని మళ్లీ సర్దే బ్యాలెన్స్ కమాండ్‌ని డీయూసేజ్ 10తో (10 శాతంలోపు నిండిన ముక్కలతో) మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఇక పిల్లలు ఫైళ్లు తీసేసినా పాత స్నాప్‌షాట్లు (ఒక సమయంలో డిస్క్ ఎలా ఉందో దాచిన ప్రతులు) వాటిని పట్టుకునే ఉంటాయి. "డిలీట్ చేసినా నిండుగానే ఉంది సార్" అనే ఫిర్యాదు దీనివల్లే.

బీటీఆర్ఎఫ్ఎస్ చెక్‌సమ్‌ల (డేటా చెడిందో లేదో తేల్చే లెక్కల) గురించి కూడా ఎక్కువ ఆశపడొద్దు. ఒకే డిస్క్‌లో డేటా చెడిందని పట్టుకుంటుంది, బాగు చేయడానికి రెండో కాపీ ఉండదు. పట్టుకోవడమూ లాభమేననుకోండి, ఈఎక్స్‌టీ4 డేటా విషయంలో అదీ చేయదు.

అయినా రోల్‌బ్యాక్ (పాత స్థితికి వెనక్కి వెళ్లడం) కావాలంటే బీటీఆర్ఎఫ్ఎస్‌ని రెండో ఆప్షన్‌గా ఇవ్వండి, కానీ అమర్చి ఇవ్వండి. స్నాప్‌షాట్లు తీసే టూల్ టైమ్‌షిఫ్ట్‌కి సబ్‌వాల్యూమ్‌ల (బీటీఆర్ఎఫ్ఎస్‌లోని విడి భాగాల) పేర్లు సరిగ్గా '@', '@హోమ్' (ఇంగ్లీషు అక్షరాల్లో) ఉండాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ మాత్రం '@రూట్ఎఫ్ఎస్' అని పెడుతుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు. హోమ్ విడిగా లేకపోతే రోల్‌బ్యాక్‌తో పిల్లల రికార్డులూ వెనక్కి పోతాయి. బూట్ వేరే పార్టిషన్‌లో ఉంటే రూట్ (సిస్టమ్ ఫైళ్ల భాగం) వెనక్కి వెళ్తుంది, కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) వెళ్లదు, దాని మాడ్యూల్స్ (డ్రైవర్ల వంటివి) పొసగవు. స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది) ఉంటే దానికి వేరే సబ్‌వాల్యూమ్ ఇవ్వండి, లేకపోతే స్నాప్‌షాట్ తీయనివ్వదు. వర్చువల్‌బాక్స్ (సిస్టమ్‌లోనే ఇంకో సిస్టమ్ నడిపే ప్రోగ్రామ్) డిస్కుల ఫోల్డర్‌కి ఖాళీగా ఉన్నప్పుడే చాట్ఆటర్ ప్లస్ సీ (మార్పుల్ని కొత్త చోట కాక ఉన్నచోటే రాయించే సెట్టింగ్) పెట్టాలి. అప్పటికే ఉన్న ఫైళ్లకి అది పని చేయదు, పెట్టినవాటికి చెక్‌సమ్, కంప్రెషన్ రెండూ పోతాయి.

ఈఎక్స్‌టీ4లో చూసుకోవాల్సింది ఒక్కటే: రూట్ యూజర్ (అడ్మిన్) కోసం 5 శాతం పక్కన పెడుతుంది. 1 టీబీ డేటా డిస్క్‌లో అది 50 జీబీ. ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో 1 శాతానికి దించండి. రూట్ పార్టిషన్‌లో మాత్రం ముట్టుకోవద్దు.

ఖరారు చేసేముందు రెండు పాత మెషీన్లలో పెద్ద ఫోల్డర్ కాపీ అవుతుండగా ప్లగ్ పీకండి, ఓ ఇరవైసార్లు. ప్రతిసారీ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఈఎక్స్‌టీ4కి ఈ2ఎఫ్ఎస్‌సీకే, బీటీఆర్ఎఫ్ఎస్‌కి స్క్రబ్ (రెండూ తనిఖీ కమాండ్లు) నడపండి. తర్వాత డిస్క్ నిండా నింపి, ఏపీటీ అప్‌గ్రేడ్ (డెబియన్ అప్‌డేట్ కమాండ్) కొట్టి చూడండి.