నిగ్రహించాడా, నిగ్రహించుకున్నాడా?

సందేహం: ‘మాటా మాటా పెరిగినప్పుడు అతడు ఆమెను నిగ్రహించాడు’ అని ఒక ప్రేమకథలో రాశాను. నిగ్రహం ఎవరి మీద వారికి ఉండవలసిందే గాని ఎదుటివారి మీద చూపేది కాదని మిత్రుడి వాదన. ఏది ఒప్పు?

సమాధానం: వ్యాకరణం మీ వైపు, నేటి వాడుక మీ మిత్రుడి వైపు ఉన్నాయి.

‘గ్రహ్’ అంటే పట్టుకోవడం. ‘ని’ చేరితే అణచిపట్టడం. ఎవరిని అన్నది ధాతువు చెప్పదు. అందుకే ఇంద్రియనిగ్రహమూ ఉంది, శత్రునిగ్రహమూ ఉంది. శిక్షించనూ కరుణించనూ గలవాడు నిగ్రహానుగ్రహ సమర్థుడు. వాదంలో ఓడిపోయే తావులను న్యాయశాస్త్రం (చట్టం కాదు, ప్రాచీన తర్కశాస్త్రం) నిగ్రహస్థానాలంది; అవి 22. పట్టు ఎవరి మీద బిగిసిందో తెలుగు ఒక్క ‘కొను’తో తేల్చేస్తుంది. ఆ ‘కొను’ను మింగేసి ‘కోపాన్ని నిగ్రహించాడు’ అని రాస్తున్నారు. ఎవరి కోపాన్నండీ? తనదా, ఆమెదా?

‘కొను’ విలువ తెలియాలంటే నంది తిమ్మనను చదవాలి. పారిజాతాపహరణంలో కృష్ణుడు సత్యభామ పాదాల మీద తల వాలిస్తే, ఆమె ఎడమకాలితో ఆ తలను తోసేసింది. కంసుణ్ణి నిగ్రహించినవాడు ఇక్కడ తన్ను తాను నిగ్రహించుకున్నాడు. ‘నెయ్యపుఁ గిన్కఁ బూని తాఁచిన యది నాకు మన్ననయ’ అన్నాడు; ప్రేమతో కూడిన కోపంతో నువ్వు తన్నడం నాకు గౌరవమేనని భావం. పైగా పులకించిన తన ఒంటి వెంట్రుకలు ముళ్లలా గుచ్చుకుని చిగురుటాకులాంటి ఆమె పాదం నొచ్చుతుందేమోనని బెంగపడ్డాడు! ‘కిన్క’కు ముందున్న ‘నెయ్యపు’ చూడండి. పారిజాతం రుక్మిణికి ఇచ్చింది తానే కనుక, ఆ కాలి విసురు వెనుక ఉన్న గాయం అతడికి కనిపించింది. తన్నడం ఒప్పని నేననను; తిమ్మన కూడా ‘పేరలుక’ (పెద్ద అలక) చెందిన కాంతకు ఉచితానుచితాలు తెలుస్తాయా అనే అన్నాడు.

ఇంత సూక్ష్మంగా చూసిన భాషలో ఇప్పుడు ‘ప్రేమోన్మాది’ ఒకటి తయారైంది. కాదన్న అమ్మాయి మీద దాడి చేసినవాడికి పత్రికలు పెట్టిన పేరు. గుణసంధి కుదిరింది, అర్థం కుదరలేదు. ఎదుటి మనిషిని లొంగదీయాలన్న పంతంలో ప్రేమ పాలు ఎంత? ‘దాడి చేసినవాడు’ అంటే చాలదా?

‘సంయమనం’తో ఈ చిక్కు లేదు, అది సాధారణంగా తన మీదికే తిరుగుతుంది.

ఇక మీ వాక్యం. అతడు ఆమె నోరు నొక్కాడని మీ భావమైతే అలాగే ఉంచండి, దోషం లేదు. తానే తగ్గాడని అయితే ‘ఆమెను’ తీసేసి ‘తన్ను తాను నిగ్రహించుకున్నాడు’ అనండి. కథ చూడకుండా ఇంతకు మించి తేల్చలేను.