టానిన్ చేదా, వగరా? వైన్ ‘పొడి’గా ఉంటుందా?

సందేహం: ‘ఈ ధైర్యమైన ఎర్ర వైన్ పొడిగా, నిండు శరీరంతో, టానిన్ల చేదుతో ఉంటుంది’ అని ఇంగ్లిషు నుంచి వచ్చిన ఒక అనువాద వ్యాసంలో చదివాను. క్యాబర్నే సావిన్యాన్, షిరాజ్ లాంటి వైన్ల రుచిని తెలుగులో ఎలా చెప్పాలి? టానిన్ అంటే చేదేనా?

సమాధానం: కాదు, వగరు. ఆ వాక్యంలో మొట్టమొదట దిద్దవలసింది అదే. కాకరకాయది చేదు; వక్కది, పచ్చి అరటికాయది వగరు. చేదును రుచిమొగ్గలు పసిగడతాయి. వగరు ప్రధానంగా స్పర్శ. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, ఓక్ పీపాల నుంచి వైన్‌లోకి దిగిన టానిన్లనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. దాంతో నోట్లో జారుడు పోయి నాలుక పిడచకట్టుకుపోతుంది. షడ్రసాల్లో దీని పేరు కషాయం. అయితే కషాయం అనగానే తెలుగువాళ్లకు జలుబు మందు గుర్తొస్తుంది కనుక ఇక్కడ ఆ మాట పనికిరాదు. ఒగరు అన్నా తప్పు లేదు.

తేడా తెలియకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కప్పు వేడినీళ్లలో చెంచాడు టీపొడి వేసి 8 నిమిషాలు నాననిచ్చి, పాలూ చక్కెరా లేకుండా ఒక గుక్క తాగండి. చిగుళ్లకు పట్టేసినట్టు ఉండేది వగరు. అందులో కాసిని పాలు కలిపితే ఆ పట్టు సడలుతుంది, ఎందుకంటే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టానిన్లను తనతో కట్టేసుకుంటుంది. వగరు ఎక్కువున్న వైన్ పక్కన మాంసం, చీజ్ పెట్టడానికి ఒక కారణం ఇదే.

వైన్‌లో వగరు చూడాలంటే గ్లాసులో 50 మిల్లీలీటర్లు చాలు. ఒక గుక్క తీసుకుని 5 నుంచి 10 సెకన్లు నోరంతా తిప్పి ఉమ్మేయండి. తర్వాత నాలుకను పైచిగుళ్ల మీద మెల్లగా జరపండి. హాయిగా జారితే వగరు తక్కువ, తట్టుకుంటూ కదిలితే ఎక్కువ. రెండో గుక్కకు తొందరపడకండి. ఒకదాని మీద ఒకటి తాగుతుంటే వగరు పేరుకుపోయి అంచనా తప్పుతుంది. మధ్యలో మంచినీళ్లు, ఉప్పు లేని రొట్టెముక్క తీసుకోండి. వగరు ఎంత అన్నది ఒక సంగతి, ఎలాంటిది అన్నది ఇంకో సంగతి. నున్నటి వగరు, గరుకు వగరు, పచ్చి వగరు అని విడదీసి చెప్పవచ్చు. పండని ద్రాక్ష నుంచి, నలిగిన గింజల నుంచి వచ్చేది పచ్చి వగరు. రంగు చూసి మాత్రం వగరును ఊహించకండి. ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతపు బరోలో వైన్ నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు. చూడడానికి వెలిసినట్టుంటుంది గానీ వగరులో చాలా ముదురు రంగు వైన్లను మించిపోతుంది.

ఇక ‘పొడి’. వైన్ విషయంలో డ్రై అంటే తీపి లేనిది. యూరప్ నిబంధనల్లో సాధారణంగా లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర మిగలనిది. ‘పొడి వైన్’ అని రాస్తే చదివేవాళ్లు నోరు పొడిబారడం అనుకుంటారు, కానీ అది టానిన్ పని. తీపి వైన్‌లో కూడా వగరు ఉండొచ్చు. కాబట్టి మొదటిదాన్ని ‘తీపి లేదు’ అనండి, రెండోదాన్ని ‘వగరు’ అనండి.

బాడీకి శరీరం అక్కర్లేదు, చిక్కదనం చాలు. నీళ్లపాలకూ చిక్కటి పాలకూ నోట్లో తెలిసే తేడా లాంటిదే ఇది. ఆల్కహాలు, చక్కెర, ద్రాక్ష సారం పెరిగేకొద్దీ వైన్ నోటికి చిక్కగా తగులుతుంది. ‘ధైర్యమైన’ అని రాసిన బోల్డ్‌కు ‘గాఢమైన’ సరిపోతుంది. మీరు చదివిన వాక్యం ఇలా ఉండాల్సింది: ‘ఈ గాఢమైన ఎర్ర వైన్‌లో తీపి లేదు, నోటికి చిక్కగా తగులుతుంది, వగరు గట్టిగా పడుతుంది.’

ఆల్కహాలు 14 శాతం దాటిన వైన్ గొంతులో వేడిగా దిగుతుంది. దాన్ని ఘాటు అనాలి, కారం అనకూడదు. మిరప కారం ఉన్న కూరతో తాగితే ఆ ఘాటు ఇంకా పెరుగుతుంది కాబట్టి రెండు మాటలూ వేరుగా ఉండడం మనకు అవసరం కూడా. క్యాబర్నే ద్రాక్ష సరిగా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది. దానికి ‘పసరు వాసన’ కంటే మంచి మాట నాకు కనిపించలేదు. కార్క్ చెడి వైన్ తడి అట్టపెట్టెలా వాసన కొడితే ‘ముక్కిన వాసన’ అనండి. గ్లాసులో ఎంతసేపు తిప్పినా అది పోదు, ఆ సీసా పక్కన పెట్టేయడమే. వెనిగర్‌లా ముక్కుకు కొడితే ‘పులిసిపోయింది’ అంటే సరిపోతుంది.

వైన్‌ను ‘ద్రాక్షసారా’ అనకండి. సారా బట్టీ పట్టి తీసేది, వైన్ పులియబెట్టేది. తెలుగు బైబిల్లో వైన్‌ను ద్రాక్షారసం అన్నారు గానీ నేటి వాడుకలో ఆ మాటకు పళ్లరసమనే అర్థం. ద్రాక్షాసవం ఆయుర్వేద మందు పేరైపోయింది. వైన్‌ను వైన్ అనడమే మేలు.

ఇలాంటి వ్యాసాల్లో ‘గది ఉష్ణోగ్రత వద్ద వడ్డించాలి’ అన్న వాక్యం కూడా కనిపిస్తుంది. అది చలిదేశపు పాత ఇళ్ల గది. మే నెలలో మన గదుల వేడికి వైన్‌లో ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే వగరు మొరటుగా పడుతుంది. అనువదించేటప్పుడు ‘16–18 డిగ్రీల దగ్గర’ అని అంకె వేయండి. ఎండాకాలమైతే పోయడానికి ముందు సీసాను అరగంట పైన ఫ్రిజ్‌లో ఉంచాలని కూడా రాయండి.