నెలకెంత కడతావని అడిగితే నోరు మెదపకు అల్లుడూ

ప్రశ్న: మామా, నేను డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. కొత్త కారు కొనాలి. షోరూంలో డిస్కౌంట్ అడిగితే ఇస్తారా? ఎంత అడగొచ్చు? నెలకి ఐదొందల డాలర్ల లోపు పడితే నాకు చాలు.

అల్లుడూ, నీ మెసేజ్ వచ్చేసరికి నేను కర్నూల్లోనే ఉన్నాను. సెలవు మీద వచ్చి మూడు వారాలైంది. నిన్న సాయంత్రం మీ అమ్మ కూడా మా ఇంటికొచ్చి, "వాడు కారు కొంటాడంటప్పా, యాడన్నా మోసపోతాడేమో, నువ్వు కొంచెం చెప్పు" అని గంటసేపు కూర్చుంది. మోసం అనేంత పెద్ద మాట అవసరం లేదులే అక్కా అన్నాను గానీ, నీ ప్రశ్నలో చివరి వాక్యం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నెలకి ఐదొందల లోపు పడితే చాలు అన్నావు చూడు, అచ్చం అలాంటి మాటే నేను 2012 జూలైలో ఒక షోరూంలో అన్నాను. అక్కడ ఐదొందలకి బదులు నాలుగొందలు, అంతే తేడా.

మాది పత్తికొండ వైపు పల్లె. చిన్నప్పుడు నాన్న ఎద్దుల సంతకి పోతూ నన్ను వెంట తీసుకుపోయేవాడు. అక్కడ బేరం నోటితో జరగదు. నాన్న, దళారి చేతులు కలిపితే వాటి మీద తువ్వాల పడుతుంది. కింద వేళ్ళతో ఒకరికొకరు ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి ఒక్క అంకె తెలియదు. దానికి ముందు నాన్న ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, రెండు పళ్ళా, నాలుగా అని. సుళ్ళు చూసేవాడు. పది అడుగులు నడిపించి చూసేవాడు. అన్నీ అయ్యాక, ధర కుదిరాక, పలుపుతాడు కొసరు కింద అడిగి తెచ్చుకునేవాడు. అలాంటి మనిషి కొడుకుని, నాకు అమెరికాలో బేరం ఎవడు నేర్పాలి అనుకున్నాను. అదే కొంప ముంచింది.

ఆ రోజు పొద్దున పదకొండింటికి ఆఫీసు స్నేహితుడు నన్నూ మా ఆవిడనీ రెండేళ్ళ పాపనీ షోరూం దగ్గర దింపి వెళ్ళిపోయాడు. ఇది మొదటి తప్పు, నీకిప్పుడు తెలియదు గానీ అన్నిటికన్నా పెద్దది. కర్నూలు వన్‌టౌన్‌లో బట్టల అంగట్లో బేరం కుదరకపోతే మనమేం చేస్తాం? చీర అక్కడ పెట్టి మెట్లు దిగుతాం. రెండో మెట్టు మీద ఉండగా "అమ్మా, రాండి రాండి" అని కేక వినబడుతుంది. మన బలమంతా ఆ రెండు మెట్లలో ఉంది. డాలస్‌లో నేను మెట్లు దిగి ఎక్కడికి పోవాలి? బయట నలభై డిగ్రీల ఎండ, ఎదురుగా ఆరు లైన్ల హైవే, నడవడానికి ఫుట్‌పాత్ లేదు, చంకలో పాప. కర్నూలు ఎండలో పుట్టిన వాణ్ణి, అయినా ఆ ఎండకి జంకాను. ఇంటికి పోవాలంటే కొత్త కారులోనే పోవాలి. ఆ సంగతి నాకన్నా ముందు సేల్స్‌మన్‌కి తెలుసు.

కారు కిటికీ మీద స్టిక్కర్ ధర 20,800 డాలర్లు. నేను మన లెక్కలో పదిహేను వేలు అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి, ఒక తెల్ల కాగితం తీసి, లావు మార్కర్‌తో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాడు. నాలుగు గళ్ళు. ఒక దాంట్లో కారు ధర, ఒక దాంట్లో పాత కారు మార్చుకుంటే దాని ధర, ఒక దాంట్లో ముందుగా కట్టే సొమ్ము, నాలుగో గడిలో నెల కంతు. ఆ కాగితానికి అక్కడ ఫోర్ స్క్వేర్ అని పేరే ఉంది. నా దగ్గర పాత కారు లేదు. మూడు వేలు ముందు కడతానన్నాను. అప్పుడు ఆయన కంతు గడి చుట్టూ సున్నా చుట్టి, నెలకి ఎంతైతే నీకు కష్టం లేకుండా ఉంటుంది అని అడిగాడు. అంత మర్యాదగా అడిగేసరికి నోరు జారాను. నాలుగొందలు.

కాగితం పట్టుకుని మేనేజర్ గదిలోకి పోయాడు. వచ్చి 533 అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. మళ్ళీ పోయాడు, పావుగంటకి వచ్చి 446 అన్నాడు. నేను కుర్చీ జరిపి లేవబోయినట్టు చేశాను. పాప ఏడుపు మొదలుపెట్టింది, మా ఆవిడ సంచిలో బిస్కెట్లు అయిపోయాయి. మూడోసారి వచ్చి చెయ్యి చాపి, 389 అన్నాడు, మేనేజర్‌ని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చిందన్నట్టు మొహం పెట్టి. నాన్న చూసి ఉంటే భుజం తట్టేవాడని నా ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది అల్లుడూ. సాయంత్రం ఐదున్నరకి సంతకాలు పెట్టి, కారు ముందు ఫొటో దిగి, అమ్మకి పంపాను.

నెల తర్వాత వంటింట్లో కూర్చుని ఆ కాగితాలు చదివాను. లోన్ ఒప్పందంలో నాలుగైదు గళ్ళ పట్టీ ఒకటి ఉంటుంది, అది చట్టప్రకారం ఇచ్చి తీరాలి. అందులో వడ్డీ శాతం, మొత్తం వడ్డీ, మొత్తం కట్టబోయే సొమ్ము విడివిడిగా రాసి ఉంటాయి. అప్పు 21,055. వడ్డీ 9.9 శాతం. గడువు 72 నెలలు. మొత్తం కట్టాల్సింది 28,008. మూడుసార్లు మేనేజర్ గదికి పోయొచ్చిన ఆ పెద్దమనిషి ధరలో ఒక్క డాలర్ తగ్గించలేదు. 48 నెలల్ని 60 చేశాడు, 60ని 72 చేశాడు. నేను ఆరు గంటలు బేరమాడింది వాయిదాల సంఖ్య పెంచమని!

వడ్డీ ఒక్కటే దగ్గర దగ్గర ఏడు వేల డాలర్లు. అప్పటి మారకంలో మూడు లక్షల ఎనభై వేలు. ఆ డబ్బుతో అప్పట్లో కర్నూల్లో మారుతి ఆల్టో వచ్చేది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మా ఆవిడ దగ్గర కూడా రెండేళ్ళు దాచాను, క్రెడిట్ యూనియన్‌కి, అంటే మన సహకార బ్యాంకు లాంటి దానికి, లోన్ మార్చుకుని వడ్డీ దించుకున్నాకే చెప్పాను.

అందుకే చెప్తున్నా, నెలకి ఐదొందలు అనేది ధర కాదు. అరవై నెలలు కడితే ముప్పై వేలు, ఎనభై నాలుగు నెలలు కడితే నలభై రెండు వేలు. రెండూ ఐదొందలే. నువ్వు ఐదొందలు అన్నాక వాళ్ళు ఏ కారునైనా, ఏ ధరకైనా అందులో ఇరికిస్తారు.

ఆ కాగితాల్లో ఇంకో వింత కూడా దొరికింది. కిటికీ మీద కంపెనీ స్టిక్కర్ 1958 చట్టం ప్రకారం పెట్టేది, దాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు, ఆ చట్టం తెచ్చిన సెనేటర్ పేరు మీద. దాని పక్కనే అచ్చం అలాగే కనిపించే ఇంకో చీటీ డీలర్ అంటిస్తాడు. నా కారు మీద ఆ రెండోదాని విలువ 1,595 డాలర్లు. పెయింట్ మీద పూత 899, సీట్ల మీద పూత 299, అద్దాల మీద నంబర్ చెక్కినందుకు 198, టైర్లలో నైట్రోజన్ నింపినందుకు 199. నైట్రోజన్! మామూలు గాలిలోనే 78 శాతం అదే కదా, ఎనిమిదో తరగతి పిల్లాడికి తెలుసు. మా నాన్న పలుపుతాడు కొసరుగా తెచ్చుకుంటే, ఆయన కొడుకు గాలి కొనుక్కున్నాడు.

రెండో కారు 2017లో కొన్నాం. ఈసారి పగ్గాలు మా ఆవిడ చేతికిచ్చాను. తనది ప్రొద్దుటూరు, బంగారం అంగళ్ళ మధ్య పెరిగిన మనిషి. నేను ఆల్టో కథ చెప్పుకుని బాధపడుతుంటే ఒకే మాట అంది: "మా ఊర్లో గ్రాము రేటు ఎంత అని ఎవరూ బేరమాడరు. తరుగు, మజూరి అన్నీ కలిపి చేతికి ఎంతకిస్తావు అని అడుగుతారు." అమెరికాలో దాన్నే ఔట్ ది డోర్ ప్రైస్ అంటారు. పన్ను, రిజిస్ట్రేషన్, డాక్యుమెంట్ ఫీజు, డీలర్ పూతలు, అన్నీ కలిపి కారు గేటు దాటేసరికి ఎంత అని. బేరం ఆ ఒక్క అంకె మీదే.

ఇంట్లో కూర్చుని ఆరుగురు డీలర్లకి ఈమెయిల్ రాసింది. ఫలానా మోడల్, ఫలానా రంగు, మీ దగ్గరున్న ఈ స్టాక్ నంబర్ కారు, మా జిప్ కోడ్ ఇది, ఔట్ ది డోర్ ధర విడివిడిగా రాసి పంపండి, కుదిరితే ఈ వారమే కొంటాం. ఇద్దరు జవాబివ్వలేదు. ఇద్దరు "రండి, కూర్చుని మాట్లాడదాం" అన్నారు, వాళ్ళని అక్కడే వదిలేశాం. కూర్చోబెట్టడమే వాళ్ళ పని. మిగిలిన ఇద్దరిలో తక్కువ చెప్పినవాడు అరవై మైళ్ళ దూరంలో ఉన్నాడు. ఆ కాగితం మా దగ్గరి డీలర్‌కి పంపితే గంటలో అదే ధరకి దిగాడు. స్టిక్కర్ 34,600 ఉన్న బండి పన్నుకి ముందు 31,700కి వచ్చింది. టెక్సాస్ 6.25 శాతం పన్ను, మిగతా కాగితాలు కలిపి 33,900 చిల్లర. మేము షోరూంకి పోయింది సంతకానికే, అదీ మా పాత కారులో.

వీళ్ళెలా తగ్గిస్తారు అని అడుగుతావు. కంపెనీ డీలర్‌కి వేసే బిల్లు స్టిక్కర్ కంటే తక్కువ ఉంటుంది. చాలా కంపెనీలు అమ్మకం అయ్యాక అందులోనూ ఇంకొంచెం వెనక్కిస్తాయి. నెలాఖరుకి లెక్క చేరాలంటే ఇంకో నాలుగు కార్లు పోవాలి అన్నప్పుడు డీలర్ మెత్తబడతాడు. లాట్‌లో, అంటే షోరూం బయట కార్లు నిలిపే ఆవరణలో, చాలాకాలంగా ఎండకి ఎండుతున్న బండి అయితే ఇంకా మెత్తబడతాడు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద చీటీ ఉంటుంది, బండి ఏ నెలలో, ఏ ఏడు తయారైందో రాసి ఉంటుంది. నాన్న ఎద్దు పళ్ళు చూసినట్టు నేను ముందు దాన్నే చూస్తాను. అదే జనం ఎగబడే మోడల్ అయితే డిస్కౌంట్ మాట మర్చిపో. 2021, 22లో చిప్పుల కొరత వచ్చినప్పుడు స్టిక్కర్ ధర కంటే పైన ఇంకా పైసలు అడిగారు, ఇచ్చినవాళ్ళూ ఉన్నారు.

ధర కుదిరాక అయిపోయిందనుకోకు. చిన్న గదిలోకి తీసుకుపోయి ఫైనాన్స్ మనిషి ముందు కూర్చోబెడతారు. అసలు తువ్వాల అక్కడే పడుతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ, గ్యాప్ ఇన్సూరెన్స్ (కారు నుజ్జయితే మామూలు ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ మిగిలిన అప్పుకీ మధ్య తేడా కట్టేది), టైర్ల ప్యాకేజీ, ఒక్కోటి "నెలకి పద్నాలుగు డాలర్లే" అంటాడు. మా ఆవిడ ప్రతిదానికీ "మొత్తం ఎంత?" అని అడిగింది, అంతే. నాలుగోసారికి ఆయనే కాగితాలు సర్దుకున్నాడు. వడ్డీలో కూడా మర్మం ఉంది: బ్యాంకు డీలర్‌కి చెప్పే వడ్డీ ఒకటి, డీలర్ నీకు చెప్పేది ఒకటి కావచ్చు, మధ్యది ఆయన జేబుకి. అందుకే ముందే ఏ క్రెడిట్ యూనియన్ దగ్గరో లోన్ ఆమోదం తెచ్చుకుని పో. దానికంటే తక్కువిస్తే అక్కడ తీసుకో. నీకు క్రెడిట్ చరిత్ర, అంటే అక్కడ అప్పు తీసుకుని కట్టిన రికార్డు, లేదు కాబట్టి రెండు చోట్ల కాదంటారు, సిగ్గుపడకుండా మూడో చోట అడుగు. రెండు వారాల్లోపు ఎన్ని చోట్ల కారు లోన్ అడిగినా, ఆ రికార్డుని బట్టి వేసే క్రెడిట్ స్కోరులో ఒక్కసారి అడిగినట్టే లెక్క. కొందరు వీసా గడువు దాటి లోన్ ఇవ్వరు. కొత్తగా డిగ్రీ పూర్తిచేసిన వాళ్ళకి కొన్ని కంపెనీలు తగ్గింపు ఇస్తాయి, నీ ఎమ్మెస్ పట్టా ఫోన్‌లో పెట్టుకో. లైసెన్సు, ఇన్సూరెన్స్ రూల్స్ అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, నువ్వే చూసుకో, మీ తరానికి అది నేను చెప్పాలా.

ఒక్కటి మాత్రం. మూడు రోజుల్లో నచ్చకపోతే కారు వెనక్కివ్వొచ్చని నీ రూమ్మేట్లు ఎవరో చెప్పే ఉంటారు, నాకూ చెప్పారు. ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళకి పెట్టిన రూల్ అది, షోరూంలో కొన్న కారుకి వర్తించదు. సంతకం పెడితే నీదే.

నేను వచ్చే శుక్రవారం డాలస్‌లో దిగుతాను. మీ అమ్మ నీకిమ్మని ఓళిగలు, రెండు కేజీల కారప్పొడి ఇచ్చింది, సూట్‌కేసు బరువు నా పాట్లు. అప్పటిదాకా నువ్వు ఏ షోరూంలోనూ అడుగు పెట్టొద్దు. టెక్సాస్‌లో కార్ల షోరూములు శని, ఆదివారాల్లో ఏదో ఒక రోజు మూయాలి, చాలామంది ఆదివారం మూస్తారు. లాట్ తెరిచే ఉంటుంది, సేల్స్‌మన్ ఉండడు. ఆదివారం పొద్దున ఎండెక్కక ముందే వచ్చి నిన్ను ఎక్కించుకుంటా. నీళ్ళ సీసా, ఒక నోటుపుస్తకం తెచ్చుకో, స్టిక్కర్లు రాసుకుందాం.