హార్ట్ ఫెయిల్యూర్ నర్సు అవుతానంటోంది... పంపొచ్చా?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. అమ్మాయి కర్నూలులో బి.ఎస్సీ. నర్సింగ్ ఆఖరు సంవత్సరం. రెండేళ్ల కిందట మా నాయనకు హార్ట్ ఫెయిల్యూర్, గుండె పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. అప్పట్నుంచి ఆయన మాత్రలు, బరువు, కాళ్ల వాపు అన్నీ అమ్మాయే చూసుకుంటోంది. ఇప్పుడు కార్డియాక్ రిహాబిలిటేషన్‌లో పని చేస్తాను, హార్ట్ ఫెయిల్యూర్ మీద రీసెర్చ్ చేస్తాను అంటోంది. బంధువులేమో గవర్నమెంటు పోస్టుకు రాయించమని కొందరు, గల్ఫ్‌కు పంపమని కొందరు. నర్సుకు రీసెర్చ్ ఏంటి? అందులో జీతం ఉంటుందా? పెళ్లి చేయాల్సిన పిల్ల. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. కార్డియాక్ రిహాబ్ (గుండె రోగులను మళ్లీ కోలుకునేలా చేసే పని) నర్సు కావాలని ప్రకటన ఇచ్చి తీసుకునే ఉద్యోగాలు మన కర్నూలులో దొరకడం కష్టం. బెంగళూరు, హైదరాబాదు, చెన్నై లాంటి చోట్ల పెద్ద గుండె ఆసుపత్రుల్లో కొన్ని ఉంటాయి. అక్కడ కూడా వ్యాయామం చేయించే పని చాలావరకు ఫిజియోథెరపిస్టులదే. కాబట్టి డిగ్రీ చేతికి రాగానే ఆ పోస్టు కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఏడాది వృథా అవుతుంది. ఆ పని అవసరమైన రోగులు మాత్రం మన పెద్దాసుపత్రిలో వార్డు నిండా ఉంటారు. అమ్మాయి ముందు కార్డియాలజీ వార్డులోనో, సీసీయూలోనో (గుండె రోగుల ఐసీయూ) కుదురుకోవాలి. పని అక్కడ నేర్చుకుని, రెండేళ్ల తర్వాత పరిశోధన వైపు తిరగాలి. నేను చెప్పే దారి ఇదే. మీ బంధువులు చెప్పే రెండు దారులకూ ఇది అడ్డం రాదు, అదెలాగో చెప్తాను.

రిహాబిలిటేషన్ అంటే చాలామంది డిశ్చార్జి రోజు చేతిలో పెట్టే డైట్ చార్టు అనుకుంటారు. గుండెపోటు వచ్చినవాళ్లనూ, బైపాస్ అయినవాళ్లనూ, మీ నాయనలాగా పంపింగ్ తగ్గినవాళ్లనూ కొలిచి నడిపించి, మందులు సరిగ్గా వేసుకునేలా చూసి, మళ్లీ పనిలోకి పంపడం అది. ఆసుపత్రి మంచం మీదే మొదలై, ఇంటికెళ్లాక వారాల తరబడి సాగుతుంది. నడక పరీక్ష ఒకటుంది. 30 మీటర్ల చదునైన వరండాలో రెండు చివర్లా గుర్తు పెట్టి, ఆరు నిమిషాల్లో రోగి ఎన్ని మీటర్లు నడవగలిగాడో కొలుస్తారు. ముందూ వెనకా నాడి, బీపీ, ఆక్సిజన్ చూస్తారు. ఎంత ఆయాసం అనిపించిందో 0 నుంచి 10 వరకు ఉండే స్కేలు మీద రోగితోనే చెప్పిస్తారు. ఖరీదైన మిషన్ ఏదీ అక్కర్లేదు, ఓపికున్న నర్సు ఉంటే చాలు.

కానీ అసలు నేర్పు కొలతల్లో కన్నా కబుర్లలో ఉంటుందని నా అభిప్రాయం. హార్ట్ ఫెయిల్యూర్ రోగికి ఒంట్లో చేరిన నీరు పోయేలా నీళ్ల మాత్ర రాస్తారు. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం దాకా మాటిమాటికీ ఒంటేలుకు పోవాలి. ఆదోని నుంచి కర్నూలుకు బస్సెక్కే రోజు ఆ మాత్ర మానేస్తారు. సంతకు పోయే రోజూ అంతే. ఆడవాళ్లయితే పొలం పనికి పోయిన ప్రతిరోజూ మానేస్తారు, ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. డాక్టరు అడిగితే 'వేసుకుంటున్నా సార్' అంటారు. పక్కన కూర్చుని 'పెద్దమ్మా, బస్సులో వచ్చేటప్పుడు ఏం చేస్తావు?' అని అడిగిన నర్సుకే నిజం చెప్తారు. ఆ సంగతి డాక్టరు చెవిన వేసి, మాత్ర వేసుకునే వేళ మార్పిస్తే ఒక అడ్మిషన్ తప్పొచ్చు. బరువు సంగతీ అంతే. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, ఆయాసం వచ్చేదాకా ఆగకూడదు. ఇక ఉప్పు. ఉగ్గానీ మిరపకాయ బజ్జీ తినే ఊళ్లో, ఊరగాయ లేకుండా ముద్ద దిగని ఇంట్లో, 'ఉప్పు తగ్గించండి' అని చీటీ రాసిస్తే సరిపోదు. ఎక్కడ తగ్గించాలో వంట చేసే కోడలితో మాట్లాడాలి. మీ ఇంట్లో రెండేళ్లుగా అమ్మాయి చేస్తున్నది ఇదే కదా.

ఇక నర్సుకు రీసెర్చ్ ఏంటని అడిగారు. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ నడిపించిన నేషనల్ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో దేశంలోని 53 ఆసుపత్రుల నుంచి 10,851 మంది రోగుల వివరాలు చేర్చారు. ఆసుపత్రిలో చేరిన 90 రోజుల్లోపే 14.2 శాతం మంది, అంటే ఏడుగురిలో ఒకరు చనిపోయారని తేలింది. సగటు వయసు 60 లోపే. ఇలాంటి లెక్క తేలాలంటే వేల మంది రోగుల దగ్గర ఎవరో ఒకరు కూర్చుని వివరాలు రాయాలి, సంతకాలు తీసుకోవాలి, మూడు నెలల తర్వాత ఫోను చేసి ఎలా ఉన్నారో కనుక్కోవాలి. ఆ పని చేసేవాళ్లను రీసెర్చ్ కోఆర్డినేటర్లనో రీసెర్చ్ నర్సులనో పిలుస్తారు. అది జీతమొచ్చే ఉద్యోగమే.

రిహాబ్ మీదే జరిగిన ఇంకో అధ్యయనం చూడండి. యోగాతో రిహాబిలిటేషన్ చేయించవచ్చా అని మన దేశంలో 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద యోగా-కేర్ అనే ట్రయల్ చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. రోగులు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, మునుపటి పనుల్లోకి బాగా తిరిగి వెళ్లగలిగారు. మళ్లీ గుండెపోటు, మరణం తగ్గాయని మాత్రం రుజువు కాలేదు. కాలేదని ఉన్నదున్నట్టు రాశారు కూడా. పరిశోధన మీద మోజు పడేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే, అనుకున్నది రాకపోయినా వచ్చిందే రాయాలి.

ఈ ఉద్యోగంలో కష్టమైన పని సమ్మతి పత్రం. రోగికి చదువు రాకపోతే అతనికి అర్థమయ్యే భాషలో మొత్తం చదివి వినిపించాలి. ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి సంతకం పెట్టాలి. మనవాళ్లు 'సారు చెప్పినాడు కదమ్మా, యాడ ఏలిముద్ర ఏయాల్నో చూపించు' అంటారు. సరిగ్గా అక్కడే ఆగి, 'ఇందులో చేరకపోయినా నీ వైద్యం ఆగదు' అని చెప్పాలి. గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచీ మనకు రోగులు వస్తారు కాబట్టి కాస్త కన్నడం వస్తే మరీ మంచిది.

రెండో కష్టం ఫాలో-అప్. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. మూడో నెల ఫోను చేస్తే స్విచాఫ్. పెద్ద నగరాల్లో పుస్తకం చూసి పద్ధతి రాసేవాళ్లకు ఈ సంగతి తట్టదు. వలస పోయిన రోగి మందులు ఎక్కడ కొంటున్నాడు, బరువు ఎక్కడ చూసుకుంటున్నాడు అన్నదే మంచి పరిశోధనాంశం. ఎమ్మెస్సీలో థీసిస్ రాయాల్సి వచ్చినప్పుడు అమ్మాయిని ఇది గుర్తుంచుకోమనండి.

చదువు సంగతి. ముందు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. తర్వాత కనీసం రెండేళ్లు కార్డియాలజీలో పని. ఈసీజీ చదవడం, గుండె లయ తప్పితే గుర్తుపట్టడం, ఎమర్జెన్సీలో చేయి వణక్కుండా ఉండటం అక్కడే వస్తాయి. బి.ఎస్సీ. అవగానే నేరుగా రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు పని, రాత్రి డ్యూటీ లేదు, చూడటానికి బాగుంటుంది. కానీ ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. వార్డు అనుభవం లేకపోతే అప్పుడు రెంటికీ చెడుతుంది.

ఆ తర్వాత రెండు దారులు. ఒకటి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, కార్డియోథొరాసిక్ నర్సింగ్‌లో. శ్రీ చిత్రలో కూడా గుండె నర్సింగ్‌లో డిప్లొమా ఉంది, దొరికితే వదలొద్దు. రెండోది, రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్. దీనికి సాధారణంగా బి.ఎస్సీ.లో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు. మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో గుండెకు సంబంధించిన స్పెషాలిటీ తీసుకోవచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌లో అయితే నేరుగా ఆ స్పెషాలిటీలోనే ఎమ్మెస్సీ ఉంది. పరిశోధనే లక్ష్యమైతే నా ఓటు ఎమ్మెస్సీకే. పీహెచ్‌డీ సంగతి ఇప్పుడే ఎత్తొద్దు.

గవర్నమెంటు ఉద్యోగం గురించి బంధువులు చెప్పింది తప్పు కాదు. మన జోన్‌లో స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ పడితే తప్పకుండా వేయించండి. దానికన్నా ముందు ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ల ఎంపికకు పెట్టే నార్‌సెట్ పరీక్షకు చదివించండి. బి.ఎస్సీ. నర్సింగ్ వాళ్లకు అనుభవం అడగరు, గరిష్ఠ వయసు 30, రిజర్వేషన్లను బట్టి సడలింపు ఉంటుంది. ఏడో లెవల్ పే, మూల వేతనమే 44,900 రూపాయలతో మొదలు. మంగళగిరిలోనూ ఎయిమ్స్ ఉంది. అలాంటి చోట పరిశోధనలు ఎప్పుడూ నడుస్తుంటాయి, కుదురైన ఉద్యోగంలో ఉంటూనే వాటిలో చేరొచ్చు. మీ భయం, అమ్మాయి కోరిక రెండూ తీరే చోటు అదే.

ప్రైవేటులో మొదటి జీతం చూస్తే నాలుగేళ్ల ఫీజులు గుర్తొచ్చి మీకు బాధేస్తుంది. ఆ రెండేళ్లను జీతంతో కొలవొద్దు. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ మాత్రం ఏ యాజమాన్యానికీ ఇవ్వనీయకండి, బాండు అడిగితే చదవకుండా సంతకం పెట్టనీయకండి. గల్ఫ్‌కు వెళ్లాలన్నా సీసీయూలో రెండేళ్ల అనుభవమే సాధారణంగా అడుగుతారు. ఇంగ్లండులో అయితే హార్ట్ ఫెయిల్యూర్ స్పెషలిస్ట్ నర్సు అని విడిగా పోస్టే ఉంది, ఇంగ్లిష్ పరీక్షా వాళ్ల కౌన్సిల్ పరీక్షలూ రాయాలి. అంటే ఎటు పోవాలన్నా అమ్మాయి మొదటి మెట్టు ఒకటే.

పెళ్లి గురించి నేను చెప్పేది తక్కువ. సీసీయూలో నైట్ డ్యూటీలు ఉంటాయి, అది దాచకుండా సంబంధం వాళ్లకు ముందే చెప్పండి. రిహాబ్, రీసెర్చ్ పనులు ఎక్కువగా పగటి పూటవే. వయసు పెరిగాక ఈ లైను నిలవడానికి అదీ ఒక కారణం.

ఈ నెలలో చేయాల్సింది ఒకటుంది. మీ నాయన బరువు, మాత్రలు రాసిన నోటుపుస్తకం అమ్మాయి దగ్గరుంటే, వాళ్ల మెడికల్ సర్జికల్ నర్సింగ్ మేడమ్‌కు చూపించమనండి. బి.ఎస్సీ.లో రీసెర్చ్ ప్రాజెక్టు ఎలాగూ చేయాలి. కార్డియాలజీ వార్డు నుంచి ఇంటికెళ్లే రోగుల్లో ఎంతమంది రోజూ బరువు చూసుకుంటున్నారు, ఇంట్లో తూకం మిషన్ ఎంతమందికి ఉంది అన్నంత చిన్న ప్రశ్న తీసుకుంటే చాలు. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకున్నాకే రోగుల్ని అడగడం మొదలుపెట్టాలి.