దక్షిణ అమెరికా వాగుల స్టోన్‌ఫ్లైలు: జువాలజీ విద్యార్థినికి దారి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. దక్షిణ అమెరికా వాగుల్లో దొరికిన స్టోన్‌ఫ్లై కొత్త జాతిని వర్ణించిన పరిశోధన పత్రం చదివినప్పటి నుంచి తానూ అదే పని చేస్తానంటోంది. ఏం చదివించాలి? ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: అయ్యా, ముందుగా ఆ పని స్వరూపం మీకు తెలియాలి. స్టోన్‌ఫ్లై అన్న పేరులో ఈగ ఉన్నా అది ఈగ కాదు, ప్లెకాప్టెరా క్రమానికి చెందిన కీటకం. దాని పిల్లలు ప్రాణవాయువు పుష్కలంగా ఉండే పారే నీటిలో, రాళ్ల కింద పెరుగుతాయి. నీరు చెడితే ముందుగా కనుమరుగయ్యే జీవుల్లో ఇవి ఉన్నాయి కనుక, ఏ వాగులో ఏ జాతి ఉందో తెలియడం నీటి పరిరక్షణకూ అవసరమే.

మధ్య, దక్షిణ అమెరికాల్లో కనిపించే అనాక్రోన్యూరియా అనే ఒక్క ప్రజాతిలోనే (జీనస్) 300కు పైగా జాతులను వర్ణించారు. పైకి చాలావరకు ఒకేలా కనిపించే వీటిని విడదీసి చెప్పేది మగ పురుగు జననాంగ నిర్మాణం. రాత్రి దీపపు వెలుగుకు వచ్చిన పురుగును ఆల్కహాల్‌లో భద్రపరిచి, దాని పొట్ట చివరి భాగాన్ని వేరుచేసి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉంచి మెత్తని కణజాలం కరిగిపోయాక, మైక్రోస్కోప్ కింద పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి చూసి బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ గీసే ఓపికే ఈ వృత్తికి అసలైన అర్హత అని నేను నమ్ముతాను. తరువాత ఇదివరకటి వర్ణనలన్నిటితో, మ్యూజియంలలోని మూల నమూనాలతో పోల్చి, నిజంగా కొత్తదని తేలితేనే అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం పేరు పెట్టి, హోలోటైప్ అనే ఆధార నమూనాను ఎక్కడ భద్రపరిచారో ప్రకటిస్తారు.

చదువు విషయానికొస్తే ఎమ్మెస్సీ జువాలజీ, ఆపై సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్), పీహెచ్‌డీ అన్నది రాజమార్గం. హైదరాబాద్‌లోనే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. మన దేశంలో కనిపించే నియోపెర్లా ప్రజాతి, అక్కడి అనాక్రోన్యూరియా రెండూ పెర్లిడే కుటుంబానివే కాబట్టి, ఇక్కడ నేర్చుకున్న పని అక్కడా అక్కరకొస్తుంది. బ్రెజిల్‌లో విదేశీయులు నమూనాలు సేకరించాలంటే అక్కడి సంస్థ భాగస్వామ్యమూ, ప్రభుత్వ అనుమతీ ఉండాలి. అందువల్ల సావో పాలో వంటి విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి పనిచేయాల్సి ఉంటుంది కనుక, ఆమె ఇప్పటి నుంచే అక్కడి భాష పోర్చుగీసు నేర్చుకోవడం మొదలుపెడితే మంచిది.

ఉద్యోగాల సంగతి దాచను: కేవలం వర్గీకరణ శాస్త్రవేత్తల కోసం ఉన్న కొలువులు తక్కువ. సర్వే సంస్థలు, విశ్వవిద్యాలయాలు, నీటి నాణ్యతను జీవుల ఆధారంగా అంచనా వేసే పర్యావరణ సంస్థలు – అవకాశాలు ప్రధానంగా ఇవే. నెట్‌తో అధ్యాపక వృత్తికి దారి తెరిచే ఉంటుంది కాబట్టి మీరు అతిగా భయపడనక్కర్లేదు.

ఈ సెలవుల్లో ఆమెను అరకు వైపు ఏదైనా వాగు దగ్గరికి తీసుకెళ్లండి. అటవీ శాఖ అనుమతి లేకుండా దేన్నీ సేకరించవద్దు. రాయి తిప్పి, భూతద్దంతో చూసి, మళ్లీ యథాస్థానంలో పెడితే చాలు. కాలి చివర ఒకే గోరు ఉంటే అది మేఫ్లై అనే మరో నీటి కీటకపు పిల్ల, రెండు గోళ్లు, రెండు తోకలు ఉంటే స్టోన్‌ఫ్లై అయ్యే అవకాశం ఎక్కువ. చూసినదాన్ని ఆమె చేత అక్కడికక్కడే బొమ్మ గీయించండి. పది బొమ్మలు పోగయ్యాక, వాటిని జతచేసి హైదరాబాద్ కేంద్రానికి వేసవి శిక్షణ కోరుతూ ఆమెనే ఉత్తరం రాయనివ్వండి.