ధూళి వెదజల్లుతుందా?

సందేహం: మా అబ్బాయి వ్యాసంలో "నీహారికల్లోని ధూళి నక్షత్రాల అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది" అని రాశాడు. టీచరు "వెదజల్లు" కొట్టేసి "వికిరణం చేస్తుంది" అని దిద్దారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ దిద్దుబాటు తీసేయండి. వికిరణం అంటే తనలోంచి వెలువరించడం. మీ అబ్బాయి చెప్పదలచింది స్కాటరింగ్, అంటే మీద పడ్డ కాంతిని అటూ ఇటూ మళ్ళించడం. దానికి పాఠ్యపుస్తకాల మాట పరిక్షేపణం. ఈ రెంటినీ కలగలపడం ఈమధ్య పత్రికలకీ అలవాటైపోయింది.

ఇక వెదజల్లు. వెద అంటే విత్తనం. చల్లు కాస్తా జల్లు ఎలా అయిందో మీకు చెప్పక్కర్లేదు. విత్తు అన్న మాట వెద తోబుట్టువు. తమిళుల విదై, కన్నడిగుల బిత్తు చుట్టాలు. నారు పోసి నాటకుండా వడ్లు నేరుగా పొలంలో చల్లడాన్ని ఇప్పటికీ వెదజల్లడమనే అంటారు. (పశువులు వెదకు రావడం వేరే సంగతి.) పువ్వు పరిమళం వెదజల్లుతుంది అన్నా అదే ఊహ: ఒడిలో గింజలున్నవాడే చల్లుతాడు. మరి ధూళి ఒడిలో ఏముంది? 1912లో అమెరికాలోని లోవెల్ వేధశాలలో స్లైఫర్ అనే ఆయన, మన కృత్తికల చుట్టూ మబ్బులా ఉన్న నీహారిక వర్ణపటం (దాని కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ) తీశాడు. అది అక్కడి చుక్కల వర్ణపటంలాగే ఉంది! అంటే వెలుగు చుక్కలది, ధూళి దాన్ని దారి మళ్ళించిందంతే. అందుకే నేనైతే "చెదరగొడుతుంది" అంటాను.

అయితే ఒక చిక్కుంది. అతినీలలోహిత కాంతి తరంగం పొడవూ, ఆ ధూళి రేణువుల పరిమాణమూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి. దాంతో చెదిరిన కాంతిలో ఎక్కువ భాగం వెనక్కి తిరగదు; కాస్త పక్కకి ఒరిగి ముందుకే పోతుంది. వెదజల్లే రైతూ ముందుకు నడుస్తూ ముందుకే విసురుతాడు కదా! ఈ పోలిక తట్టాక మీ అబ్బాయిని గట్టిగా తప్పుపట్టలేకపోతున్నాను.

పైగా ధూళి ఆ కాంతిలో కొంత మింగి, వెచ్చబడి, పరారుణ కాంతిగా బయటికి వదులుతుంది. అది దాని సొంత గింజే. అక్కడ వెదజల్లు నిక్షేపంలా కుదురుతుంది, టీచరుగారి వికిరణమూ కుదురుతుంది.

"స్కాటర్ చేస్తుంది" అని రాస్తే మాత్రం మార్కులు కోసేయమనండి.