గోడలు తుడవడానికి ఇంత చదువెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలను శుభ్రం చేస్తున్నవాళ్లను చూసొచ్చినప్పటి నుంచి ఆ పనే నేర్చుకుంటానంటోంది. ఎమ్మెస్సీ చేసి ఫార్మాలో చేరడం మంచిదా, ఈ కన్జర్వేషన్ (పాత కట్టడాలు, బొమ్మలు చెడిపోకుండా కాపాడే పని) కోర్సా? పోల్చి చెప్పండి. చేయిస్తే విదేశాల్లోనే చేయించాలా? గోడలు తుడవడానికి ఇంత చదువెందుకని బంధువులు నవ్వుతున్నారు.
– ఒక తండ్రి, హిందూపురం

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది, చివర్లో బంధువులు మాత్రం మారరు. మీ అసలు టెన్షన్ అదే కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

లేపాక్షి మీకు పదిహేను కిలోమీటర్లు. ఈసారి వెళ్లినప్పుడు వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగి వచ్చేయకుండా కాసేపు తలెత్తి చూడండి. అచ్యుతదేవరాయల కాలం నాటి బొమ్మలవి, దాదాపు 500 ఏళ్లవి. ఇలాంటి పాత గుళ్లలో దీపాల మసి, గబ్బిలాల రెట్ట, పైనుంచి ఊరే నీళ్లు, ఆ నీళ్లతో పైకి తేలే ఉప్పు అన్నీ బొమ్మల మీదే చేరతాయి. శుభ్రం చేసే మనిషి ముందు తపాలా బిళ్లంత చోటు ఎంచుకుంటుంది. పుల్లకు చుట్టిన దూదిని ద్రావకంలో తడిపి, రుద్దకుండా మెల్లగా దొర్లించి, దూది వంక చూస్తుంది. గోధుమరంగు అంటితే మసి. ఎరుపు అంటిందంటే బొమ్మ రంగే లేచొస్తోందని అర్థం, వెంటనే చెయ్యి ఆపాలి. మసిని కరిగించి, రంగును పట్టి ఉంచిన జిగురు జోలికి పోని ద్రావకం ఏదో తేల్చాలంటే కావలసింది కెమిస్ట్రీ. తుడవడమంటే ఇదండీ.

ఇక విదేశాలు. ఈమధ్య ఏ కోర్సు గురించి చెప్పినా తల్లిదండ్రులు ముందు వీసా గురించే అడుగుతున్నారు. ఈ రంగంలో ఆ తొందర నాకు అసలు నచ్చదు. అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడి గుహల గోడబొమ్మలను బాగుచేయడానికి 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. ఊడిపోతున్న పూతను వాళ్లు నిలబెట్టారు, ఆ మేలు కాదనలేం. కానీ అప్పట్లో పూసిన లక్క వార్నిష్ పోనుపోను పసుపెక్కి, ముదిరి బొమ్మలనే కప్పేసింది. దాన్ని తీయడం తర్వాత మన పురావస్తు శాఖ కెమిస్టుల నెత్తిన పడింది. ఇటలీ ఫ్రెస్కోలో, అంటే అక్కడి గోడబొమ్మల్లో, రంగు తడి సున్నంలోకి ఇంకి దానితోపాటే గట్టిపడుతుంది. అజంతాలో మట్టి పూత మీద, ఆరిన తర్వాత జిగురు కలిపి వేసిన రంగులు. రెండింటికీ ఒకే వైద్యం కుదరదు.

ఇప్పటి విదేశీ కోర్సులు చెడ్డవనడం లేదు. లక్షల అప్పు చేసి అక్కడి చర్చి గోడల మీద నేర్చుకుని, ఇక్కడికొచ్చి కాంట్రాక్టు జీతంతో ఆ అప్పు తీర్చడమెలాగో మీరే లెక్క వేయండి. పాత కట్టడాలు, కళాఖండాల పరిరక్షణ కోసం పనిచేసే రోమ్‌లోని ఇక్రోమ్ లాంటి అంతర్జాతీయ సంస్థలు ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు చిన్న కోర్సులు నడుపుతాయి. వెళ్తే అప్పుడు వెళ్లొచ్చు.

పోల్చమన్నారు గానీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండు దారులకూ పనికొస్తుంది, ముందు అది చేయనివ్వండి. పురావస్తు శాఖ సైన్స్ బ్రాంచిలో కెమిస్టులుగా వెళ్లేది ఆ చదువుతోనే. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ ఎంఏ ఉంది. పర్మనెంట్ పోస్టులు తక్కువే, దాచను. మొదట్లో ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు, ఊరి నుంచి ఊరికి తిరగాలి. మనసు మారితే ఫార్మా కంపెనీలు ఎక్కడికీ పోవు.

ఒక మాట కటువుగా అంటాను. ఇంత ఉత్తరంలో అమ్మాయి ఓపిక ఎంత, చేతిపని ఎలా ఉంటుంది, ల్యాబులో ఎలా చేస్తుంది అని ఒక్క ముక్క రాయలేదు. బంధువులకు మాత్రం చోటు దొరికింది. ఫీజు వాళ్లేమైనా కడుతున్నారా?

ఎత్తంటే ఆమెకు భయముందేమో అడగండి. సెలవుల్లో ఎక్కడైనా పని జరుగుతుంటే అనుమతి తీసుకుని నెల రోజులు పంపండి. పరంజా మీద రోజంతా తల పైకెత్తి ఉండి, మెడ పట్టేసి ఇంటికొచ్చాక కూడా మళ్లీ వెళ్తానంటే, నోయిడా అడ్మిషన్ గురించి నాకు రాయండి. ఆ ఉత్తరం మాత్రం అమ్మాయినే రాయమనండి.